చదువుల యాప్‌పై పరిశోధన చేస్తున్నారా? ఎవరు జారిపోతున్నారో ముందు చూడండి

ఏటా నా బల్ల మీదికి వచ్చే సినాప్సిస్‌ల (పరిశోధన ప్రణాళికల) శీర్షికలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. "వరంగల్ జిల్లా ఉన్నత పాఠశాలల విద్యార్థుల గణిత సాధనపై మొబైల్ యాప్ ప్రభావం: ఒక అధ్యయనం." గణితం బదులు సైన్సు, యాప్ బదులు స్మార్ట్ బోర్డు వస్తే రావచ్చు, మిగతాదంతా అదే. హనుమకొండలో ఎంఈడీ పిల్లలకు పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ చేసేవారి కాగితాలు దిద్దుతూ గడిపేదాన్ని కాబట్టి ఆ శీర్షిక మీదే పెన్ను ఆనించి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏ వరంగల్? ఏ విద్యార్థులు?

మొదటి ప్రశ్నకు నవ్వుతారు. నవ్వనక్కర్లేదు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడివడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2015 నాటి 'వరంగల్' లెక్కల్లో మేడారం అడవి, మహబూబాబాద్ తండాలు ఉన్నాయి. ఇప్పటి 'వరంగల్'లో అవి లేవు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి "బడుల్లో కంప్యూటర్ సౌకర్యం పెరిగింది" అని రాస్తే, సౌకర్యమే పెరిగిందో, సౌకర్యం లేని మండలాలు లెక్క దాటి వెళ్లాయో ఎవరూ చెప్పలేరు. మండలం పేరుతో లెక్క తీయండి, జిల్లా పేరు పక్కన అది ఏ సంవత్సరపు హద్దుల ప్రకారమో రాయండి.

రెండో ప్రశ్న పెద్దది. చాలా సినాప్సిస్‌లలో చివరి అధ్యాయం దగ్గర "సాంస్కృతిక వైవిధ్యాన్ని పరిగణనలోకి తీసుకోవడం జరిగింది" అని ఒక వాక్యం తగిలిస్తారు. దాన్ని నేను కొట్టేసి, దాని వల్ల మీ ప్రణాళికలో ఏ తేదీ మారింది, ఏ ఊరు చేరింది, ఏ ఖర్చు పెరిగింది చూపించమంటాను. ఏదీ మారకపోతే పరిగణన జరగలేదన్నమాట.

ప్రశ్నను నేల మీదికి దించండి

"యాప్ పనిచేస్తుందా?" అని అడగడం అమ్మేవాళ్ల పని. పరిశోధకులు అడగవలసింది ఎవరికి, ఏ భాషలో, ఎవరి చేతిలోని ఫోనుతో పనిచేస్తుందని. పెరూ దేశం లక్షలాది పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన మదింపులో గణితంలోనూ, చదవడంలోనూ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగి 2019లో అచ్చయిన అధ్యయనంలో మాత్రం గణితం, హిందీ రెండింటిలోనూ పిల్లలు బాగా ముందుకు వచ్చారు. తరగతి పుస్తకం ఏ పేజీలో ఉందో పట్టించుకోకుండా, పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టడం దాని బలం. అయితే ఆ పిల్లలు బడి తర్వాత ప్రత్యేక కేంద్రాలకు వెళ్లి చదివారు. ఉట్నూరు మండలంలోని గోండు పిల్లవాడికి ఇంట్లో గోండి, ఆటల్లో తెలుగు, 2022–23 నుంచి ప్రభుత్వ బడిలో ఇంగ్లిషు మీడియం. ఢిల్లీ ఫలితాన్ని ఎత్తుకొచ్చి "కాబట్టి ఇక్కడ కూడా" అని రాసేముందు కాస్త ఆగాలి.

సంస్కృతి అనగానే, దేశాల సంస్కృతులను అంకెల్లో కొలిచిన హాఫ్‌స్టెడ్ పట్టికలు పట్టుకొచ్చేవారు ఇంకొందరు. 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగులతో జరిపిన సర్వేల మీద నిలబడిన కొలతలవి. భారతదేశం మొత్తానికి ఒక్కో కొలతకు ఒక్క అంకె. కెస్లాపూర్‌లోని గోండు పాపకు, వరంగల్ మండిబజార్‌లో ఉర్దూ మీడియం చదివే అబ్బాయికి అదే అంకె అంటగట్టి వాళ్ల సంస్కృతిని లెక్కలోకి తీసుకున్నామంటే నేను వైవాలో ఊరుకోను.

గడులు గీసేటప్పుడు

ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అని నాలుగు గడులు గీస్తే వైవిధ్యం పట్టికలోకి ఎక్కేసినట్టే అనుకుంటారు. ఎస్టీ అన్న ఆ ఒక్క గడిలో మహబూబాబాద్ తండాలోని లంబాడా అమ్మాయి, ఏటూరునాగారం దగ్గరి కోయ అబ్బాయి, ఆదిలాబాద్ గుట్టల మీది కొలాం పాప కలిసి కూర్చుంటారు. లంబాడీ ఇండో ఆర్య కుటుంబానికి చెందిన భాష. గోండి, కోయ తెలుగుకు దగ్గరి చుట్టాలు. కొలామీ కూడా ద్రావిడమే గానీ శాఖ వేరు. తెలుగు పాఠం వినడంలో ఈ ముగ్గురికి ఎదురయ్యే చిక్కులు మూడు రకాలు. ముగ్గురినీ కలిపి 'ఎస్టీ సగటు' తీస్తే వచ్చే అంకె ఎవరిదీ కాదు.

గడుల్లో అసలు పట్టనివాళ్లూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ములుగు, భూపాలపల్లి అడవుల్లో గూడేలు కట్టుకున్న గొత్తికోయల పేరు మన ఎస్టీ జాబితాలో లేదు. ఆదిలాబాద్ సరిహద్దులో మరాఠీ మీడియంలో చదివే పిల్లలున్నారు. కాగజ్‌నగర్ చుట్టుపక్కల బెంగాలీ శరణార్థుల కాలనీలున్నాయి. యూడైస్ (బడుల, విద్యార్థుల ప్రభుత్వ సమాచార వ్యవస్థ) జాబితా ముందు పెట్టుకుని లాటరీ తీస్తే నమూనా యాదృచ్ఛికమే అవుతుంది. ఆ జాబితాలో పేరే లేని పిల్ల లాటరీలోకి ఎలా వస్తుంది?

కాబట్టి ఇలా చేయండి. ప్రవేశ రిజిస్టరుతో సరిపెట్టుకోకుండా హాజరు రిజిస్టరు కూడా అడిగి, వరుసగా గైరుహాజరు పడిన పేర్లు విడిగా రాసుకోండి. ఆ పేర్ల గురించి సీఆర్పీని (చుట్టుపక్కల బడుల సమన్వయం చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను), అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. ఊళ్లో ఏ ఇంటి పిల్ల బడికి రావడం లేదో హెచ్‌ఎం కంటే వాళ్లకే బాగా తెలుసు. ఇంటి భాష కోసం ఒక గడి పెట్టండి గానీ, తరగతిలో నిలబెట్టి "మీ మాతృభాష ఏమిటి?" అని అడగకండి. టీచరు ఎదుట అందరిదీ తెలుగే అవుతుంది. "ఇంట్లో నానమ్మతో ఏ భాషలో పోట్లాడతావు?" అని అడిగి చూడండి, గది నిండా నవ్వులతో పాటు నిజమైన జవాబులు వస్తాయి.

ఇంకొక వాక్యం కూడా నా ఎర్ర పెన్నుకు రోజూ దొరుకుతుంది. "ప్రత్యేక అవసరాలు గల పిల్లలను ఈ అధ్యయన పరిధి నుంచి మినహాయించడమైనది." ఎందుకని? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మీరు మినహాయించింది చిన్న గుంపును కాదు. యాప్ వారికి పనికిరాకపోతే ఆ పనికిరాకపోవడాన్నే ఫలితంగా రాయండి. దానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో తెర మీదివి చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, మొదటి పాఠం తెరవడానికి ప్రయత్నించండి. పేర్లు పెట్టని బటన్లు, బొమ్మలుగా అతికించిన తెలుగు అక్షరాలు ఎన్ని ఎదురవుతాయో అరగంటలో తెలిసిపోతుంది. ఉర్దూ రూపం ఉందని కంపెనీ చెబితే అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిస్తే చాలదు, 'తర్వాత' బాణం ఎటు చూస్తోందో గమనించండి.

పత్తి, జాతర, రంజాన్

పూర్వ పరీక్ష (యాప్ ఇవ్వకముందు) సెప్టెంబరులో, ఉత్తర పరీక్ష (వాడాక) డిసెంబరులో పెట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. మధ్యలో పత్తి ఏరే కాలం ఉంది. మార్కులు తక్కువ వచ్చిన పిల్లలే చేలకు వెళ్లి ఉత్తర పరీక్షకు రాకపోతే, యాప్ ఏమీ చేయకుండానే సగటు పెరుగుతుంది. రాని పిల్లల పూర్వ పరీక్ష మార్కులను వేరే పట్టికలో చూపించండి, దాచకండి. ఫిబ్రవరి, మార్చిలోకి జరిపితే మిర్చి కోతలు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, పుష్య అమావాస్యకు కెస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర. బతుకమ్మ, దసరా సెలవులు అందరికీ గుర్తుంటాయి. రంజాన్ నెలలో ఉర్దూ బడి వేళలు మారతాయన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. తేదీలు ఖరారు చేసేముందు ఆ ఊరి వాళ్లను ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు.

ఫోను ఎవరిది?

ఏసర్ అనే విద్యా సర్వే 2023 నివేదిక 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువత మీద. వారిలో దాదాపు ప్రతి పది మందిలో తొమ్మిది మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉందని తేల్చింది. అయితే ఫోను వాడటం వచ్చినవారిలో సొంత ఫోను ఉన్నవారు అబ్బాయిల్లో 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8 శాతం. ఇళ్లలో ఫోను ఉందన్న అంకె అందరూ ఉటంకిస్తారు. మీ అధ్యయనానికి కావలసింది సొంత ఫోను లెక్క.

తండాలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఫోను తండ్రిది, ఆయన పొద్దున ఆటోతో పాటు దాన్నీ తీసుకుని నర్సంపేట వెళ్తాడు. రాత్రి ఇంటికి చేరాక మొదటి హక్కు ఇంటర్ చదివే కొడుకుది. ఎనిమిదో తరగతి కూతురి వంతు వచ్చేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. యాప్ లాగ్‌లో (వాడకం చిట్టాలో) మాత్రం ఆ కూతురి పేరుతోనే వాడకం నమోదవుతుంది, పాఠం తెరిచింది అన్నయ్య అయినా సరే. లాగ్ చూసి 'అభ్యసన సమయం' అని గ్రాఫ్ గీసేముందు ఇంటికి వెళ్లి, ఫోను రోజంతా ఎవరి చేతుల్లో తిరుగుతుందో తల్లినే అడగండి. గంటలవారీగా ఒక గీత గీసి, ఎవరి దగ్గర ఉన్నప్పుడు వారి గుర్తు పెట్టించండి. ఆ కాగితం మీ లాగ్ కంటే నమ్మదగినది.

చింతగింజలు

అసలు ఇబ్బంది ప్రశ్నావళి దగ్గర వస్తుంది. కొత్త సాంకేతికతను జనం ఎంతవరకు ఒప్పుకుంటారో కొలిచే 1989 నాటి డేవిస్ నమూనా నుంచి "ఈ సాంకేతికతను ఉపయోగించడం నాకు సులభం" వంటి వాక్యాలు తెచ్చి, తెలుగు చేసి, 'పూర్తిగా అంగీకరిస్తున్నాను' నుంచి 'పూర్తిగా విభేదిస్తున్నాను' దాకా ఐదు మెట్లు పెట్టి పంచుతారు. తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లిషులోకి మార్పించి సరిచూశామని గర్వంగా చెబుతారు. మంచిదే. అది మాటలు సరిపోయాయని చెబుతుంది. ఆ వాక్యాన్ని పిల్ల ఎలా అర్థం చేసుకుందో పక్కన కూర్చుని, "ఇది నిన్ను ఏమి అడుగుతోందమ్మా, నీ మాటల్లో చెప్పు" అంటేనే తెలుస్తుంది.

నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయితో కలిసి ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలకు (గిరిజన పిల్లల హాస్టల్ బడికి) వెళ్లాను. ఏడో తరగతి పిల్ల ఒకతి ప్రశ్నావళి అందుకుని, గుమ్మంలో నిలబడ్డ టీచరు ముఖం వంక ఒకసారి చూసి, పై నుంచి కింద దాకా అన్నింటికీ 'పూర్తిగా అంగీకరిస్తున్నాను' దగ్గర టిక్కులు పెట్టేసింది. "యాప్ నాకు గందరగోళంగా ఉంది" అన్నదానికీ అదే టిక్కు. నిర్లక్ష్యంతో పెట్టినవి కావవి. ట్యాబ్‌లు మోసుకుని దూరం నుంచి వచ్చిన అతిథుల మాట కాదనడం ఆ పిల్ల మర్యాదకు ఒప్పలేదు.

కాగితాలు పక్కన పెట్టాం. టీచరును టీ తాగి రమ్మని బతిమాలాం. వంటమనిషిని అడిగి పది చింతగింజలు తెచ్చుకున్నాం, పది పాఠాలకు పది గింజలు. నేల మీద మూడు గిన్నెలు పెట్టి, నువ్వే చేసిన పాఠాలు ఇందులో, ఎవరైనా సాయం చేసినవి ఇందులో, వదిలేసినవి ఇందులో వేయమన్నాం. పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్క గింజే వేసింది. మొదటి గిన్నెలో వేసిన రెండింటిని కాసేపు చూసి, తీసి మధ్య గిన్నెలోకి మార్చింది. చివరికి మధ్య గిన్నెలోనే ఎక్కువ మిగిలాయి. ఎవరు సాయం చేశారని అడిగితే "పదో తరగతి అక్క" అంది. రాత్రి భోజనాల తర్వాత ఆ అక్క ట్యాబ్‌లోని ఇంగ్లిషు పాఠాన్ని గోండిలో చెప్పేదట.

ప్రశ్నావళితోనే తిరిగి వచ్చి ఉంటే ఆ మార్కులన్నీ యాప్ ఖాతాలో పడేవి. నా విద్యార్థిని పరిశోధన ప్రశ్నే ఆ రోజు మారిపోయింది. గోండి తెలిసిన పెద్ద పిల్లలు ఉన్న హాస్టల్, లేని హాస్టల్ అని ఇప్పుడు విడివిడిగా చూస్తోంది.

గింజలు వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. పిల్లలను ఒక్కొక్కరిగా పిలవండి, పక్కవాళ్ల గిన్నెలు కనిపిస్తే పోటీ మొదలవుతుంది. గింజలు వేశాక "ఇది ఇక్కడెందుకు వేశావు?" అని కనీసం రెండు గింజల గురించి అడగండి. లెక్క కంటే ఆ జవాబే విలువైనది. దుబాసీగా టీచరును పెట్టుకోకండి. ఆ ఊరి నుంచి ఇంటర్‌కో డిగ్రీకో వెళ్లిన అమ్మాయిని వెతికి పట్టుకుని రోజు కూలి ఇవ్వండి. ఆమె అర్థాన్ని దిద్దితే రచయితల వరుసలో ఆమె పేరు కూడా ఉండాలి. 'కృతజ్ఞతలు' పేజీలో ఒక మూలకు నెట్టకండి.

లిపి మీరు ఎంచకండి

గోండి పాఠం తయారు చేస్తామని కొందరు ఉత్సాహంగా వస్తారు. ఏ లిపిలో? ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, మసరాం గోండి లిపి అంతకు ముందు ఏడాది ఎక్కింది. తెలుగు లిపిలో రాసేవారు, దేవనాగరిలో రాసేవారు కూడా ఉన్నారు. 1940ల్లో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి గోండి వాచకాలు వేయించినప్పుడు లిపి దేవనాగరి. ప్రతి ఎంపిక వెనుకా ఒక అభిమానం, ఒక రాజకీయం ఉంటాయి. హనుమకొండలో కూర్చుని తేల్చే సంగతి కాదు. గోండుల పంచాయితీ అయిన రాయి సెంటర్ పెద్దలను, దాని నాయకుడు సార్‌మేడిని, బడి ఈడు పిల్లల తల్లులను విడివిడిగా అడగండి. పెద్దల మాట, తల్లుల మాట ఒకటే కానక్కర్లేదు.

లిపి తేలేదాకా గొంతుతో పని నడుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోను నుంచే గోండిలో మాట్లాడి వార్తలు చెప్పే, వినే వీలు కల్పించింది. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, చదవడం రానక్కర్లేదు. మీ యాప్‌కు పోటీగా నియంత్రిత సమూహానికి (పోలిక కోసం యాప్ ఇవ్వని పిల్లలకు) ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టే బదులు ఇలాంటి ఫోను పాఠం ఇచ్చి చూడండి. అప్పుడు పోలిక న్యాయంగా ఉంటుంది.

సమ్మతి

హాస్టల్ పిల్లల సమ్మతి పత్రంపై వార్డెన్ సంతకం చాలామందికి దొడ్డిదారి. వార్డెన్ తల్లీతండ్రీ కాదు. తల్లిదండ్రులు పిల్లలను చూసిపోవడానికి వచ్చే ఆదివారం మీరూ వెళ్లండి, చదవలేనివారికి వారి భాషలో వినిపించి వేలిముద్ర తీసుకోండి. ఊరి పెద్ద అయిన పటేల్ ఊళ్లోకి రానిస్తే అది ఊరి అనుమతి మాత్రమే, పిల్లది వేరే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 11 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, 12 నుంచి 18 దాకా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలంటుంది, కొన్ని మినహాయింపులు తప్ప పిల్లల ప్రవర్తనపై నిఘా పెట్టడాన్ని నిషేధిస్తుంది. మీ యాప్ వెనుక నుంచి ఏ సమాచారం ఏ సర్వరుకు వెళ్తోందో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ యాప్ వాడకండి.

పేర్లు తీసేస్తే గోప్యత కుదిరిందనుకోకండి. 'తోటి' అనే గిరిజన తెగవారు చాలా తక్కువ మంది. "ఫలానా మండలం, ఆశ్రమ పాఠశాల, తోటి, బాలిక, తొమ్మిదో తరగతి" అని పట్టికలో రాస్తే పేరు రాసినట్టే. అలాంటిచోట మండలం పేరు తీసేయండి, తరగతులు కలిపేయండి. ట్యాబ్ పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు సిద్ధాంత గ్రంథంలో దేనికో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

లెక్కలు, ఆ తర్వాత

విశ్లేషణ గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి కనుక ఒక్కటే చెబుతాను. మూడు బడుల్లో మూడు వందల మందిని తీసుకుంటే మీ చేతిలో మూడు వందల స్వతంత్ర అంకెలు లేవు. ఒకే టీచరు, ఒకే హాస్టల్, ఒకే కరెంటు కోత ఆ పిల్లలందరినీ కలిపి కట్టేస్తాయి. బడిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడండి. చిన్న సమూహాల దగ్గర శాతాలు మాని మనుషుల సంఖ్య రాయండి, వాళ్ల మాటలు రాయండి. "గిరిజన విద్యార్థులు వెనుకబడి ఉన్నారు" అని రాయబోయే ప్రతిసారీ యాప్ ఏ భాషలో మాట్లాడిందో అదే వాక్యంలో చేర్చండి.

చివరిగా బడ్జెట్. దుబాసీ కూలి, ఊళ్లకు ఆటో కిరాయి, ఫలితాలను గోండిలోనో లంబాడీలోనో రికార్డు చేయించే ఖర్చు సినాప్సిస్‌లోనే రాయండి, తర్వాత ఎవరూ ఇవ్వరు. అధ్యయనం ముగిశాక ట్యాబ్‌లు ఎవరి దగ్గర ఉంటాయో కూడా మొదటి రోజే ఊరికి చెప్పాలి. వెనక్కి తీసుకుపోయేటట్టయితే ఏ తేదీన తీసుకెళ్తారో సమ్మతి పత్రంలోనే ఉండాలి. బడికే వదిలేసేటట్టయితే చార్జర్లు, మరమ్మతు ఎవరు చూస్తారో హెచ్‌ఎంతో రాయించుకోండి. సదస్సులో పత్రం చదవడానికి ముందే ఊళ్లో ఫలితాలు వినిపించండి. అక్కడ తల్లులు అడిగే ప్రశ్నలు రాసుకోవడానికి ఒక మనిషిని విడిగా కూర్చోబెట్టండి, మాట్లాడుతూ మీరే రాసుకోవడం కుదరదు.